సెనేట్ రెండుసార్లు వద్దన్నా కెనడా మీద సుంకం ఎందుకు పోలేదు?

విండ్సర్ శ్రీను (14 డిసెంబర్ 2025)

అందరికీ నమస్కారం. ఒంటారియోలోని విండ్సర్‌లో ఉంటున్నాను. గోదాముల్లో సరుకు పేర్చుకునే స్టీలు ర్యాకులు చేసే ఒక చిన్న కంపెనీలో కొనుగోళ్లు చూస్తాను. మా సరుకులో సగానికి పైగా అంబాసిడర్ బ్రిడ్జి దాటి మిషిగన్, ఒహాయో వెళ్తుంది. ఈ ఏడాది మార్చిలో స్టీలు మీద 25 శాతం సుంకం పడింది, జూన్‌లో అది 50 అయ్యింది. మా షాపులో రెండో షిఫ్టు తీసేశారు.

నాకు అర్థం కానిది ఏంటంటే, ఏప్రిల్ 2న అమెరికా సెనేట్ 51–48తో కెనడా సుంకాలు వద్దని తీర్మానించింది. అక్టోబర్ 29న మళ్లీ 50–46తో అదే పని చేసింది. ట్రంప్ సొంత పార్టీ వాళ్లే నలుగురు కలిసొచ్చారు. అయినా మా లారీ వంతెన దాటితే లెక్క మారలేదు. పన్ను వేసే అధికారం కాంగ్రెస్‌దని వాళ్ల రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ఉందంటారు. కెనడా నాటోలో ఉంది. 1958 నుంచి నోరాడ్ కింద రెండు దేశాలూ కలిసి ఆకాశాన్ని కాపలా కాస్తున్నాయి. అలాంటి దేశం మీద సుంకం వేయాలంటే సభలో ఎవరినీ అడగక్కర్లేదా? అడగకుండా వేస్తే తీసేయలేరా?

మా ఆఫీసులో అందరూ "జనవరి తర్వాత హౌస్‌లో (ప్రతినిధుల సభలో) కూడా ఓటు జరుగుతుంది, అప్పుడు సుంకం పోతుంది, అందాకా స్టీలు ఆర్డర్లు ఆపుదాం" అంటున్నారు. మా యజమాని నన్ను అడుగుతున్నాడు. ఏం చెప్పాలి?

పద్మ, డెట్రాయిట్

శ్రీను గారూ, ఆర్డర్లు ఆపమని చెప్పకండి. సెనేట్ ఓటేసింది మీ స్టీలు సుంకం మీద కాదు.

నాది తెనాలి. డెట్రాయిట్ పక్కన ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పని చేస్తాను. కెనడా నుంచి వచ్చే లోడ్లకు ఎంట్రీలు ఫైల్ చేయడం, సరుకు ఏ రకమో చెప్పే కస్టమ్స్ కోడ్లు చూడడం, దిగుమతిదారు ఎంత కట్టాలో లెక్క తేల్చడం నా పని. మీ ర్యాకుల్లాంటివి రోజూ నా బల్ల మీదికి వస్తాయి కాబట్టి చెప్తున్నాను.

ఈ డిసెంబర్ (2025) నాటికి మీ సరుకును పట్టుకున్న సుంకాలు రెండు. వాటి చట్టాలు వేరు. స్టీలు మీది 50 శాతం 1962 నాటి వాణిజ్య విస్తరణ చట్టంలో 232వ సెక్షన్ కింద వచ్చింది. ఫలానా దిగుమతి దేశ భద్రతకు ముప్పు అని వాణిజ్య శాఖ విచారణలో తేలిస్తే, అధ్యక్షుడు దాన్ని కట్టడి చేయొచ్చని ఆ సెక్షన్ చెప్తుంది. రెండోది 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం కిందిది. ఫెంటానిల్ అనే మత్తుమందు రవాణాను కారణంగా చూపించి ఫిబ్రవరి 1న ఎమర్జెన్సీ ప్రకటించి వేశారు. మార్చిలో 25 శాతంగా మొదలై ఆగస్టు 1న 35కి ఎక్కింది. యూఎస్ఎంసీఏ (అమెరికా, మెక్సికో, కెనడా మధ్య వాణిజ్య ఒప్పందం) నిబంధనలకు సరిపడే సరుకుకు మార్చి 7 నుంచి దాన్నుంచి మినహాయింపు ఉంది. మీ ర్యాకులకు ఆ సర్టిఫికెట్ ఉంటే ఆ రెండోది మీకు పడనే పడదు.

సెనేట్ రెండుసార్లూ ఓటేసింది ఆ రెండోదాని మీదే. రేపు హౌస్ ఒప్పుకుని, ట్రంప్ కూడా సంతకం పెట్టాడనుకుందాం. అప్పుడు కూడా మీ స్టీలు మీద ఒక్క సెంటు తగ్గదు.

ఇంక, సెనేట్ వద్దన్నా ఆ రెండో సుంకం కూడా ఎందుకు నిలబడి ఉందో చెప్తాను. ఇది మన వాళ్లందరూ తెలుసుకోవాల్సిన కథ. దీని మధ్యలో మన మూలాలున్న ఒక స్టూడెంట్ వీసా కుర్రాడు ఉన్నాడు.

1976లో జాతీయ ఎమర్జెన్సీల చట్టం రాసినప్పుడు కాంగ్రెస్ తన చేతిలో పట్టు ఉంచుకునే రాసింది. అధ్యక్షుడు ఎమర్జెన్సీ ప్రకటించుకోవచ్చు. ఉభయ సభలూ మామూలు మెజారిటీతో వద్దంటే అది అంతటితో ముగుస్తుంది. అధ్యక్షుడి సంతకం అక్కర్లేదు. మరుసటేడు, 2025లో సుంకాలకు వాడిన ఆ 1977 చట్టం చేసినప్పుడు కూడా వాళ్ల మనసులో ఉన్న భరోసా ఇదే.

అప్పటికే జగదీశ్ చద్దా అనే అబ్బాయి కేసు నడుస్తోంది. కెన్యాలో పుట్టిన భారత సంతతి కుర్రాడు. ఒహాయోలో బౌలింగ్ గ్రీన్ యూనివర్సిటీలో చదివాడు. వీసా గడువు అయిపోయింది. ఇమిగ్రేషన్ జడ్జి కనికరించి దేశం నుంచి పంపేయడం ఆపితే, 1975లో ప్రతినిధుల సభ ఒక్కటే తీర్మానం చేసి ఆ ఉపశమనాన్ని కొట్టేసింది. అతను కోర్టుకెళ్లాడు. 1983లో సుప్రీంకోర్టు 7–2తో అతని పక్షాన తీర్పిచ్చింది. సభ తీర్మానానికి చట్టం బలం రావాలంటే రెండు సభలూ దాటి అధ్యక్షుడి ముందుకు వెళ్లాల్సిందేనని చెప్పింది. అతనికి న్యాయం జరిగింది, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ తీర్పుతో కాంగ్రెస్ ఎన్నో చట్టాల్లో తన కోసం దాచుకున్న పట్టు ఒక్కసారిగా జారిపోయింది. 1985లో ఎమర్జెన్సీల చట్టాన్ని తీర్పుకు తగ్గట్టు దిద్దారు. అప్పటి నుంచి ఎమర్జెన్సీ ముగించే తీర్మానానికి కూడా అధ్యక్షుడి సంతకం కావాలి. అతను వీటో చేస్తే రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు కావాలి. అందరూ ఓటేస్తే సెనేట్‌లో 67, హౌస్‌లో 290.

తన ఆదేశాన్ని తనే రద్దు చేసుకునే తీర్మానం మీద ఏ అధ్యక్షుడు సంతకం పెడతాడు? 2019లో సరిహద్దు గోడ ఎమర్జెన్సీని ఉభయ సభలూ వద్దన్నాయి. ట్రంప్ వీటో చేశాడు. వీటోను దాటే ఓట్లు హౌస్‌లో రాలేదు. గోడ పని సాగింది.

ఇప్పుడు కెనడా విషయానికి వస్తే, ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో రిపబ్లికన్లలో కలిసొచ్చిన నలుగురూ వాళ్లే: సుసాన్ కాలిన్స్, లీసా మర్కోస్కీ, మిచ్ మెక్‌కనెల్, ర్యాండ్ పాల్. 67కి అది చాలా దూరం. పైగా హౌస్ అసలు ఓటింగుకే రానివ్వలేదు. చట్టం ప్రకారం ఇలాంటి తీర్మానాన్ని కమిటీ 15 క్యాలెండర్ రోజుల్లో తేల్చాలి, తర్వాత మూడు రోజుల్లో సభ ఓటేయాలి. స్పీకర్‌కు ఇష్టం లేకపోయినా తప్పించుకోలేకుండా రాసిన గడువు అది. మార్చిలో హౌస్ మెజారిటీ పార్టీ ఖర్చుల బిల్లుకు సంబంధించిన ఒక నియమంలో, ఈ ఎమర్జెన్సీ విషయంలో ఈ సమావేశాల్లో మిగిలిన ఏ రోజూ క్యాలెండర్ రోజు కింద లెక్కకు రాదు అని ఒక వాక్యం పెట్టి నెగ్గించుకుంది. రోజు గడవకపోతే గడువు రాదు కదా. సెప్టెంబర్‌లో మళ్లీ అలాంటి నియమంతోనే ఆ అడ్డును 2026 జనవరి 31 దాకా సాగదీశారు. మీ ఆఫీసులో "జనవరి" అనే మాట పుట్టింది అక్కడి నుంచే.

అది చదివిన రోజు నాకు చాలా కోపం వచ్చింది. ఓటేసి ఓడిపోతే ఓడిపోయారు, అది వేరు. ఓటు వేయాల్సిన రోజునే లెక్కలోంచి తీసేయడం ప్రజలు పంపిన సభ చేయాల్సిన పని కాదు.

స్టీలు సంగతి ఇంకా దారుణం. 232లో కాంగ్రెస్‌కు తిరిగి వద్దనే దారి ఒక్క పెట్రోలియానికే ఉంది. 1980లో జిమ్మీ కార్టర్ దిగుమతి ముడి చమురు మీద పీపాకు 4.62 డాలర్ల రుసుము వేశాడు. పెట్రోలు గ్యాలన్‌కు 10 సెంట్లు పెరిగేది. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. అప్పుల పరిమితి బిల్లుకు ఆ రద్దును తగిలించి పంపింది. కార్టర్ వీటో చేశాడు. ఉభయ సభలూ రెండొంతులు దాటి ఆ వీటోను కొట్టేశాయి. రెండు సభలూ కార్టర్ పార్టీ చేతిలోనే ఉన్నాయని మర్చిపోకండి. కాంగ్రెస్ తల్చుకుంటే ఏం చేయగలదో అప్పుడు చూశాం. ఆ ఏడాదే చమురు వరకు ఒక నిరాకరణ తీర్మానం పద్ధతిని చట్టంలో పెట్టుకున్నారు. స్టీలు, అల్యూమినియం, కార్లు అందులో లేవు.

2018లో ఈ స్టీలు సుంకాన్ని మొదటిసారి వేసి, తర్వాత కెనడా, మెక్సికో, యూరోపియన్ యూనియన్ మీదికి కూడా తెచ్చారు. అది వేయడానికి ముందే అప్పటి రక్షణ మంత్రి జిమ్ మాటిస్ రాసిన మెమోలో ఒక లెక్క ఉంది. అమెరికా సైన్యానికి కావాల్సిన స్టీలు దేశంలో తయారయ్యేదాంట్లో సుమారు 3 శాతమేనని. మిత్ర దేశాల మీద దీని ప్రభావం గురించి కూడా ఆయన అందులో ఆందోళన చెప్పాడు. దేశ భద్రత పేరుతో వేసే సుంకానికి రక్షణ శాఖే అలా రాసినా, దాన్ని ముందు పెట్టి ఓటు అడిగే వేదిక సభలో లేకపోయింది. టెనెసీ సెనేటర్ బాబ్ కోర్కర్, ఆయనా రిపబ్లికనే, 232 సుంకాలకు కాంగ్రెస్ ఆమోదం ఉండాలని సవరణ తెచ్చాడు. ఓటింగ్ దాకా రానివ్వలేదు. ఆ జులైలో సెనేట్ 88–11తో ఒక తీర్మానం మాత్రం చేసింది, 232లో కాంగ్రెస్‌కు పాత్ర ఉండాలని. దానికి చట్టబలం లేదు. 88 మంది! అంతమంది ఒప్పుకున్న మాట ఏడేళ్లయినా చట్టంలోకి ఎక్కలేదు.

మీరు అక్కడ రెండో షిఫ్టు పోవడం చూశారు. నేను ఇక్కడ చూసేది వేరు. జూన్ 3న సంతకం అయ్యింది, 4వ తేదీ అర్ధరాత్రి దాటిన మొదటి నిమిషానికి 50 శాతం అమల్లోకి వచ్చింది. వంతెన అవతల లోడెత్తి నిలబడ్డ లారీలు ఉన్నాయి. దిగుమతిదారులకు ఫోన్లు చేసి "రాత్రి 12 లోపు దాటించగలరా" అని అడగడమే ఆ సాయంత్రం మా ఆఫీసులో అందరి పని. ఆగస్టులో ఇంకోసారి. స్టీలు, అల్యూమినియం ఉన్న వస్తువులు 407 కోడ్లు కొత్తగా చేర్చారు. శుక్రవారం ప్రకటన, సోమవారం అమలు. దారిలో ఉన్న సరుకుకు కూడా మినహాయింపు లేదు.

తర్వాత బాండ్. దిగుమతిదారు కస్టమ్స్‌కు ఇచ్చే హామీ బాండ్ విలువ ఏడాదిలో కట్టిన సుంకంలో 10 శాతం ఉండాలి, కనీసం 50 వేల డాలర్లు. మామూలు రోజుల్లో చిన్న కంపెనీకి ఆ కనీస బాండే సరిపోయేది. ఇప్పుడు ఏడాదికి 40 లక్షల డాలర్ల స్టీలు దింపుకునే కంపెనీని తీసుకుంటే, 50 శాతం చొప్పున సుంకం 20 లక్షలు, బాండ్ 2 లక్షలు. పూచీ ఇచ్చే సంస్థ తాకట్టు అడుగుతుంది. ఆ ఉత్తరం అందుకున్న ఒక చిన్న వ్యాపారి, వయసు మళ్లిన మనిషి, నా ఎదుట కూర్చుని "ఎవరు ఓటేశారమ్మా దీనికి?" అని అడిగాడు. ఎవరూ వేయలేదనే చెప్పాను.

ఇప్పటికి మీ యజమానికి చెప్పాల్సింది ఒకటే. జనవరి 31 చూసుకుని స్టీలు కొనుగోళ్లు ఆపడంలో అర్థం లేదు.

చెరువుగట్టు రాజు, భీమవరం

పద్మమ్మ గారూ, మీరు రాసింది మా అబ్బాయి చదివి వినిపించాడండి. నాకు ఉండి దగ్గర వనామి రొయ్యల చెరువులు ఉన్నాయి. ఆగస్టులో మన మీద సుంకం 50 శాతం అయ్యిందనగానే కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్కకు) ఇచ్చే రేటు పడిపోయింది. ఈక్వడార్ రొయ్యకు 15 శాతమేనట. నవంబర్‌లో కాఫీకి, టీకి, మసాలా దినుసులకు మినహాయింపు ఇచ్చారని పేపర్లో వేశారు, రొయ్యకు ఇవ్వలేదు. తూము ఎవరి చేతిలో ఉంటే నీళ్లు వాళ్ల ఇష్టం అన్నట్టుంది.

నాకు రెండు సంగతులు తెలియాలండి. మొన్న 12న అమెరికా సభలో ముగ్గురు సభ్యులు మన మీది సుంకం తీసేయాలని తీర్మానం పెట్టారట. దాన్ని నమ్ముకుని మేత బాకీ పెట్టి ఇంకో పంట వేయొచ్చా? రెండోది, కెనడా వాళ్లకు మిత్ర దేశం కాబట్టి సెనేట్ కదిలింది. మనం వాళ్ల లెక్కలో ఏ దేశం?

హైకోర్టు రోడ్డు

హైదరాబాద్‌లో కస్టమ్స్ కేసులు వాదిస్తుంటాను. పద్మ గారు రాసిన చట్టం సంగతులతో నాకు పేచీ లేదు. కానీ ఒక్క మాట చెప్పాలి. సుంకం విషయంలో ప్రభుత్వానికి వేగం కావాలి. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాత పాకిస్తాన్ నుంచి వచ్చే ప్రతి వస్తువు మీదా మన ప్రభుత్వం సుంకాన్ని 200 శాతం చేసింది. 14న దాడి, 16న నోటిఫికేషన్. కస్టమ్స్ టారిఫ్ చట్టం 8ఏ సెక్షన్ కింద. పార్లమెంటులో చర్చించి వేయాలంటే సరిహద్దులోని అట్టారీలో లారీలు వారాల తరబడి లోపలికి వస్తూనే ఉండేవి.

అయితే మన చట్టంలో ఒక షరతు ఉంది. అలా పెంచిన నోటిఫికేషన్‌ను పార్లమెంటు ముందు పెట్టాలి. లోక్‌సభ ముందు పెట్టిన 15 రోజుల్లోపు ఆమోదం కోరుతూ ప్రభుత్వమే తీర్మానం ప్రవేశపెట్టాలి. పార్లమెంటు మార్చమంటే మారాలి, వద్దంటే అక్కడితో ఆగాలి. చట్టం ఆధారం లేకుండా పన్ను వేయకూడదని మన రాజ్యాంగం 265వ అధికరణం. నిజం చెప్పాలంటే లోక్‌సభలో ప్రభుత్వానికే మెజారిటీ ఉంటుంది కాబట్టి ఆ తీర్మానం ఓడిపోవడం ఉండదు. అలాంటప్పుడు అమెరికాలో కూడా ఆమోదం పద్ధతి పెట్టి లాభమేంటి? హౌస్‌లో అధ్యక్షుడి పార్టీ వాళ్లు ఎలాగూ చేతులెత్తుతారు.

పద్మ, డెట్రాయిట్

రాజు గారూ, ముందు మీకు. ఆ తీర్మానం పెట్టింది నార్త్ కరోలినా నుంచి డెబొరా రాస్, టెక్సస్ నుంచి మార్క్ వీసీ, ఇల్లినాయ్ నుంచి రాజా కృష్ణమూర్తి. మంచి పనే చేశారు. కానీ దాన్ని నమ్ముకుని మేత బాకీ పెట్టకండి. ముగ్గురూ మైనారిటీ పార్టీ వాళ్లు. గట్టెక్కినా వీటో ఉంది.

ఈ డిసెంబర్ (2025) నాటికి మీ మీద ఉన్న 50 శాతం కూడా ఒకే ముద్ద కాదు. మొదటి 25 ఏప్రిల్ 2న అన్ని దేశాల మీదా వేసిన దాంట్లోది. అక్టోబర్ 30న సెనేట్ 51–47తో వద్దన్నది ఆ ఎమర్జెన్సీనే, కాబట్టి కెనడాకే కాదు, మీ రొయ్యకు కూడా అక్కడ ఓటు పడింది. దానికి రెండు రోజుల ముందు బ్రెజిల్ సుంకం మీద 52–48 వచ్చింది. రెండో 25, రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి వేసింది, రష్యా మీద అంతకుముందే ఉన్న ఎమర్జెన్సీకి తగిలించారు. దాన్ని పూర్తిగా ముగిస్తే రష్యా మీది ఆంక్షలు కూడా కదులుతాయి కాబట్టి అక్కడ ఓట్లు దొరకడం ఇంకా కష్టం. ఇవి కాక 2005 నుంచి మన రొయ్య మీద ఉన్న యాంటీ డంపింగ్ సుంకం (మరీ చౌకగా తెచ్చి అమ్ముతున్నారని వేసేది) వేరు. అది ఈ తీర్మానాల వేటితోనూ పోదు.

మనం ఏ దేశం అని అడిగారు. 2016లో భారత్‌ను ప్రధాన రక్షణ భాగస్వామి అన్నారు. అది గౌరవమే. కానీ కెనడాతో, జపాన్‌తో, కొరియాతో ఉన్నట్టు రక్షణ ఒప్పందం మనతో లేదు. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమూ లేదు. ఈ జనవరిలో సెనేటర్లు క్రిస్ కూన్స్, టిమ్ కేన్ ఒక బిల్లు తెచ్చారు. మిత్ర దేశాల మీద, స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉన్న దేశాల మీద సుంకం వేయాలంటే అధ్యక్షుడు ముందు కాంగ్రెస్‌కు కారణం చెప్పి ఆమోదం తీసుకోవాలని. కెనడా కోణం నుంచి చూస్తే న్యాయమైన బిల్లు. 2024 ఆర్థిక సంవత్సరంలో కెనడా సరిహద్దులో దొరికిన ఫెంటానిల్ 43 పౌండ్లు, మెక్సికో సరిహద్దులో 21,000 పౌండ్ల పైమాటే. ఆ 43 పౌండ్లు ఎమర్జెన్సీ ఎలా అవుతాయో ముందు సభకు వచ్చి చెప్పమంటే, ఆ ఆదేశం ఇంత తేలిగ్గా వచ్చేది కాదు. కానీ భీమవరం నుంచి చూస్తే ఆ బిల్లు గొడుగు కింద మీకు చోటు లేదు. నాకు అది ఇష్టం లేనిది అందుకే.

నేను కోరుకునేది ఇంకోటి. ఏప్రిల్ 3న వాషింగ్టన్ రాష్ట్రపు డెమొక్రాట్ మరియా కాంట్‌వెల్, అయోవా రిపబ్లికన్ చక్ గ్రాస్లీ కలిసి పెట్టిన బిల్లు. అధ్యక్షుడు ఏ దేశం మీదైనా కొత్త సుంకం వేయొచ్చు. 48 గంటల్లో కాంగ్రెస్‌కు చెప్పాలి. 60 రోజుల్లో కాంగ్రెస్ అవుననకపోతే సుంకం తనంతట తనే పోతుంది. యాంటీ డంపింగ్ లాంటివి దీనికి బయట.

హైకోర్టు రోడ్డు గారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఇందులోనే ఉంది. వేగం కావాలన్నారు. 60 రోజులు వేగానికి చాలు. మన 8ఏ లాగే ముందు వేసి తర్వాత సభకు రావొచ్చు. తేడా ఎక్కడంటే, ఇప్పుడు సభ ఏమీ చేయకుండా కూర్చుంటే సుంకం బతికే ఉంటుంది. స్పీకర్ రోజులను ఆపేస్తే చాలు, ఎవరూ చేయి ఎత్తక్కర్లేదు, ఎవరి పేరూ బయటికి రాదు. ఆ బిల్లు వస్తే అదే ఊరుకోవడం సుంకాన్ని చంపుతుంది. క్యాలెండర్ ఆపితే ఆపినవాళ్లకే నష్టం. మెజారిటీ పార్టీ వాళ్లు ఎలాగూ చేతులెత్తుతారు అన్నారు. ఎత్తనివ్వండి. మిషిగన్ సభ్యుడు కెనడా స్టీలు మీద 50 శాతానికి అవును అని తన పేరు మీద రికార్డులో వేయించుకుని, తర్వాత నా ఎదుట కూర్చున్న ఆ పెద్దాయన దగ్గరికి ఓటు అడగడానికి రావాలి. లోక్‌సభలో పార్టీ విప్ కాదని ఓటేస్తే సభ్యత్వం పోతుంది, ఇక్కడ అది లేదు. నలుగురు ఎదురు తిరిగారంటే అందుకే. హౌస్‌లో మెజారిటీ అంచు చాలా సన్నగా ఉంది. ఓటే జరిగితే అక్కడ కూడా నెగ్గడం తేలిక కాదు. నెగ్గడం తేలికైతే క్యాలెండర్ ఆపాల్సిన అవసరమే రాదు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదండి. 1974 వాణిజ్య చట్టం 122వ సెక్షన్ చూడండి. విదేశీ చెల్లింపుల్లో లోటు వస్తే అధ్యక్షుడు 15 శాతం దాకా సుంకం వేయొచ్చు, 150 రోజులు. ఆ తర్వాత సాగాలంటే కాంగ్రెస్ చట్టం చేయాలి. కాంగ్రెస్ తన చేత్తోనే ఒకసారి సరిగ్గా రాసింది. పరిమితి, గడువు రెండూ ఉన్న ఆ సెక్షన్‌ను పక్కన పెట్టి, సుంకం అనే మాటే లేని 1977 చట్టాన్ని 2025లో వాడారంటే కారణం వేరే చెప్పక్కర్లేదు.

నవంబర్ 5న సుప్రీంకోర్టులో వాదనలు విన్నాను, ఆడియో మొత్తం. చిన్న వ్యాపారుల తరఫున వాదించింది నీల్ కట్యాల్. న్యాయమూర్తి నీల్ గోర్సచ్, ట్రంప్ నియమించినవారే, ప్రభుత్వ లాయర్‌ను పట్టుకుని అడిగింది ఈ సంగతే. ఒకసారి అధికారం అధ్యక్షుడికి ఇచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవాలంటే వీటో దాటే మెజారిటీ కావాలి కదా, మరి అధికారం ఎప్పుడూ ఒకే వైపు జారుతూ పోదా అని. తీర్పు ఎలా వచ్చినా అది 1977 చట్టం వరకే. శ్రీను గారి స్టీలును పట్టుకున్న 232 ఆ కేసులో లేదు. దాన్ని మార్చగలిగింది ఇంకా కాంగ్రెసే.

విండ్సర్ శ్రీను

పద్మ గారూ, చాలా థాంక్స్ అండి. ఇంత వివరంగా మా దగ్గర ఎవరూ చెప్పలేదు. కూన్స్ బిల్లు గురించి మాత్రం మీతో ఏకీభవించలేను. 75 ఏళ్లకు పైగా నాటోలో పక్కన నిలబడ్డ దేశానికీ, మిగతా వాళ్లకూ తేడా ఉండాలనే నాకనిపిస్తుంది. ఇక్కడ మా పక్కింటాయన కొడుకు అఫ్గానిస్తాన్‌లోని కాందహార్‌లో అమెరికా వాళ్లతో కలిసి పని చేసి వచ్చాడు. వాళ్ల దేశ భద్రతకు మా స్టీలు ముప్పు అని రాసిన కాగితం చూసి ఆ కుటుంబం ఎంత బాధపడిందో నాకు తెలుసు. డబ్బు నష్టం కంటే అదే ఎక్కువ గుచ్చుతోంది ఇక్కడ.

యజమానికి మీరు చెప్పిందే చెప్తాను. ఆర్డర్లు ఆపం. కానీ 50 శాతంతో ఎన్నాళ్లు నెట్టుకొస్తాం? సభ కదిలేలోపు మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

పద్మ, డెట్రాయిట్

ఆ కుటుంబం బాధ నాకు అర్థమవుతోంది శ్రీను గారూ. కూన్స్ బిల్లు సభకు వస్తే నేనూ మా సెనేటర్లకు ఫోన్ చేసి మద్దతు ఇవ్వమనే చెప్తాను. నాకు కావాల్సింది దానికంటే పెద్దది, అంతే.

చేయగలిగింది ఒకటి ఉంది. ర్యాకులు స్టీలుతో చేసిన వస్తువుల జాబితాలో ఉన్నాయి. ఈ డిసెంబర్ (2025) నాటి నియమం ప్రకారం, ఆ జాబితాలోని వస్తువుకు వాడిన స్టీలు అమెరికాలోనే కరిగించి పోసినదైతే 232 సుంకం పడదు. మీరు ఇప్పుడు స్టీలు కాయిల్ (చుట్ట) ఎక్కడి నుంచి తెప్పిస్తున్నారో నాకు తెలీదు. మీ పరిసరాల్లోనే ఒహాయో, ఇండియానా మిల్లుల కాయిల్ అమ్మే సర్వీస్ సెంటర్లు ఉంటాయి. రేటు ఎక్కువే ఉంటుంది, ఆ తేడాను 50 శాతంతో పోల్చి చూసుకోండి. కెనడా స్టీలు వదిలి అటు వెళ్లమని చెప్పడం నాకూ బాధగానే ఉంది, ఒంటారియోలోని హామిల్టన్‌లో స్టీలు మిల్లు మనుషులు ఏమవుతారని. కానీ మీ షాపు తలుపు తెరిచి ఉండాలి.

కొనేటప్పుడే మిల్లు సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, కరిగించి పోసిన దేశం అందులో స్పష్టంగా ఉండాలి. హీట్ నంబర్ (ఏ విడత కరిగించి పోసిన స్టీలో చెప్పే నంబర్) ఏ లాట్ ర్యాకుల్లోకి వెళ్లిందో షాపులో రాసి ఉంచండి, అదే నంబర్ ఇన్వాయిస్ మీద కూడా వేయించండి. అమెరికా స్టీలు, కెనడా స్టీలు కలిపి వాడితే రెండింటి విలువా విడివిడిగా చూపించాలి. మీ దిగుమతిదారు బ్రోకర్‌కు మొదటి లోడ్‌కు ముందే ఈ కాగితాలు పంపి, కోడ్ సరిచూసి సరే అనిపించుకున్నాకే లారీ కదిలించండి.